చెట్టెక్కింది ఎవరి మనిషి?

కొబ్బరికాయల దింపు రోజంటే మాస్టారింట్లో పొద్దున్నే హడావుడి. దండెం మీది బట్టలు తీసేయాలి, దూడను పాక వెనక్కి కట్టేయాలి, వాకిట్లో ఎవరూ తిరక్కుండా చూసుకోవాలి. పెరటి కొబ్బరి ఉన్న కోనసీమ ఇళ్లలో నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి జరిగే తంతే ఇది. మాస్టారి దొడ్లో ఎనిమిది చెట్లు. 1996 నవంబరు 6 నాటి తుపాను ఆ చుట్టుపక్కల తోటల్ని పడగొట్టినప్పుడు ఈ దొడ్లో నిలబడ్డవి మూడే. మిగతావి ఆ తర్వాత నాటినవి. ఆ పాత మూడూ యాభై అడుగులు దాటి ఉంటాయి.

2022 జూన్ నెలాఖరు. ముందు రాత్రి వాన పడింది.

"ఇవాళొద్దులేవయ్యా, మాను తడిగా ఉంది," అన్నారు మాస్టారు, చెట్టెక్కడానికొచ్చిన దింపు అతనితో.

"ఆయ్, పర్లేదండి మాస్టారూ. రేపట్నుంచి అవతల లంకలో తోట ఒప్పుకున్నానండి. ఇవాళ కాపోతే మళ్లీ పది రోజులదాకా రాలేనండి."

మాస్టారు చెట్లవైపు చూశారు. పాకను ఆనుకున్న పాత చెట్టుకు గెల ముదిరిపోయి ఉంది. గాలికి రాలితే పాకలో దూడ మీదే పడుతుంది.

"సరే, అయితే ముందు ఆ పాక పక్క చెట్టు చూడు."

చెట్టుకు యాభై. ఎనిమిది చెట్లకు నాలుగొందలు, రెండు బోండాలు, ఒక టీ. ఏళ్ల తరబడి అదే లెక్క. కాగితం లేదు, సంతకం లేదు. ఉండాలని ఇద్దరిలో ఎవరికీ తోచనూ లేదు.

గెల కోశాక అటు పక్కకు జరగబోయి అతను పట్టుకున్న మట్ట మొదలంటా ఊడింది. ముందు కత్తి పడింది, వెనకే మనిషి. అమ్మగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి అతను వెల్లకిలా పడి ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. "అమ్మగారూ, కాళ్లు తెలీట్లేదండి," అన్నాడు.

ఈ కథనంలో పేర్లు లేవు, ఊరి పేరూ లేదు. ఒకే ఇంట్లో జరిగినదీ కాదు. కొబ్బరి చెట్టు మీద నుంచి పడ్డవాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో నాలుగు లైన్లలో వచ్చి పోతుంటాయి. ఆ నాలుగు లైన్ల తర్వాత ఒక ఇంట్లో, ఒక ప్లీడరు గదిలో, ఒక కార్మికశాఖ కార్యాలయంలో ఏం నడుస్తుందో చట్టం చెప్పే వరుసలోనే పేర్చి చెబుతున్నాను. మనుషులు నా కూర్పు. సెక్షన్లు, లెక్కలు మాత్రం అసలువి.

108 వచ్చింది. అమలాపురంలో చూసి కాకినాడ పంపారు. నడుం పైన వెన్నుపూస నలిగిపోయి వెన్నుపాము దెబ్బతిందన్నారు. ఆపరేషను ఆరోగ్యశ్రీ కార్డు మీద అయిపోయింది. ప్రాణానికి భయం లేదు. నడక మాత్రం ఇక లేదు. అతనికి నిండా నలభై ఏళ్లు.

ఆస్పత్రిలో ఇలాంటి కేసు చేరితే పోలీసులకు కబురు వెళ్తుంది. కానిస్టేబుల్ వచ్చి మంచం పక్కన నిలబడి అడిగాడు.

"ఎవరి పనికెళ్లావు?"

"మాస్టారింటికండి. దింపుకి."

కానిస్టేబుల్ రాసుకున్నాడు. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఆ రాత్రి మాస్టారు బీరువా తెరిచి ఇంటి బీమా కాగితాలు బయటికి తీశారు. మేడ మీద రెండు గదులు వేయించినప్పుడు బ్యాంకువాళ్లు అప్పుతోపాటు అంటగట్టిన పాలసీ అది. పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఇళ్లకు అగ్ని బీమా అమ్మే కంపెనీలన్నీ ఇదే పేరుతో, ఇవే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన పాలసీ. మంచి పాలసీయే. మంటలు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, చెట్టు విరిగి ఇంటి మీద పడటం, ట్యాంకు పగలటం, అన్నీ ఉన్నాయి. ఇంట్లో సామానుకు విడిగా చెప్పకపోయినా కొంత రక్షణ దానంతటదే వస్తుంది. అదనంగా కడితే యజమానికీ, భార్యకూ అయిదేసి లక్షల ప్రమాద బీమా కూడా దొరుకుతుంది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. చెట్టు ఇంటి మీద పడితే డబ్బొస్తుంది. చెట్టు మీంచి మనిషి పడితే వస్తుందని ఎక్కడా లేదు.

ఫోను మోగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి కొడుకు.

"హోమ్ ఇన్సూరెన్స్ ఉంది కదా నాన్నా, క్లెయిమ్ పెట్టు."

"అందులో లేదురా."

"అదేంటి? ఇక్కడ లయబిలిటీ ఇంటి పాలసీలోనే ఉంటుంది."

కొడుకు చెప్పింది అబద్ధం కాదు. కాలిఫోర్నియాలో ఇంటి పాలసీలో వ్యక్తిగత బాధ్యత భాగం ఉంటే, ఇంటి పనివాళ్ల ప్రమాద పరిహారం కూడా అందులో కలిపి తీరాలని అక్కడి బీమా చట్టం చెబుతుంది. కానీ కొడుకుకు తెలియని మెలిక ఒకటుంది. ప్రమాదానికి ముందు తొంభై రోజుల్లో కనీసం 52 గంటలు మన దగ్గర పనిచేసి, ఓ వంద డాలర్లైనా సంపాదించిన మనిషికే ఆ రక్షణ అందుతుంది. ఎప్పుడో ఓ శనివారం వచ్చి పోయే మనిషి ఆ లెక్కలోకి రాకపోవచ్చు. పదిహేను అడుగులు, అంతకుమించి ఎత్తున్న చెట్టు కొట్టాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరే కావాలి. 2003లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు మాస్టారి దొడ్డిని గుర్తుచేసే కేసే వచ్చింది. యాభై అడుగుల తాటిజాతి చెట్టు, ఇంటాయన పిలిచిన చెట్లు కొట్టే సంస్థ, ఆ సంస్థకు లైసెన్సూ లేదు, పనివాళ్ల బీమా లేదు. కింద పడ్డ మనిషి ఇంటాయన మీద దావా వేశాడు. పెరట్లో చెట్టు కొట్టించుకోవడం ఇంటిపని కిందికే వస్తుంది కాబట్టి పనిచోటి భద్రతా చట్టం ఇంటి యజమానిని పట్టదని కోర్టు తేల్చింది. ఆ మాట తేలడానికి రాష్ట్రంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడి తెలుగువాళ్లలో పచ్చిక కోసే మనిషిని లైసెన్సు అడిగి పిలిచేవాళ్లు ఎందరున్నారో నాకనుమానమే.

మర్నాడు బీమా ఏజెంటు వచ్చాడు. మాస్టారి పాత శిష్యుడే. కాళ్లకు దండం పెట్టి అరుగు మీద కూర్చున్నాడు.

"దీనికి వేరే పాలసీ ఉంటుందండి మాస్టారూ. హౌస్‌హోల్డర్స్ అని. అందులో పనిమనుషులకు పరిహారం సెక్షను ఉంటుంది, బయటివాళ్లకు జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ సెక్షనూ ఉంటుంది. ఏ కంపెనీ ఏది ఇస్తుందో చూసుకోవాలండి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేవయ్యా?"

"ఎవరూ అడగరండి."

ఏజెంట్లను తప్పుపట్టి లాభం లేదు గానీ, మన దగ్గర ఇంటి బీమా అనగానే మాట దొంగతనంతో మొదలై అగ్నిప్రమాదం దగ్గర ఆగిపోతుంది. ఇంట్లోకి వచ్చి పనిచేసే మనిషి ఆ మాటల్లోకి రాడు. పైకప్పు కడిగేవాడు, రంగులేసేవాడు, బోరు మోటారు పైకి తీసేవాడు, కొమ్మలు కొట్టేవాడు ఎవరూ రారు.

మూడో వారం పెద్దమనుషులు కూర్చున్నారు. ఊళ్లో ఇలాంటివి తేలేది అక్కడే. మాస్టారంటే గౌరవం ఉంది, దింపు అతనంటే జాలి ఉంది. రెండింటినీ ఎంతో కొంత డబ్బుగా మార్చడమే ఆ సాయంత్రం పని.

"పొద్దున్నే కల్లు తాగి ఎక్కాడంటున్నారు," అన్నాడు ఒకాయన.

"తాగలేదండి. ఇంట్లో టీ తాగి బయల్దేరాడండి," అంది అతని భార్య. ఆవిడ మాట్లాడిందల్లా అంతే.

"మాస్టారు వద్దన్నారంట కదా, వినకుండా ఎక్కాడు," అన్నాడు ఇంకొకాయన.

ఈ రెండు మాటలకూ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో జవాబు ఉంది. అదే మనం వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం అనేది. 2010లో పేరు మారింది. పనివాడు తాగి ఉన్నా, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞను కావాలని మీరినా, ఆ కారణంగా దెబ్బ తగిలితే యజమాని తప్పించుకోవచ్చని మూడో సెక్షను చెబుతుంది. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా మాత్రం ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షను చెబుతుంది. వెన్ను విరిగి ఇక చెట్టెక్కలేని మనిషి విషయంలో కల్లు మాట లేవనెత్తడం వల్ల అతని పరువు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. మాస్టారు కూడా "వద్దన్నాను" అన్నవారే గానీ, ఆ వెంటనే ఏ చెట్టు ముందో చూపించినవారు కూడా.

రెండున్నర లక్షలకు ఒప్పందం కుదిరింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకమీదట ఎలాంటి లావాదేవీలు లేవు" అని రాసి వేలిముద్ర వేయించారు. మాస్టారు ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి విరిచి ఇచ్చారు. అందరూ తేలికపడ్డారు.

ఆ కాగితానికి చట్టం ముందు విలువ ఎంత? పరిహారపు సొమ్మును ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకుంటే ఆ ఒప్పందాన్ని యజమాని, ఈ చట్టం కింద పరిహారం తేల్చే కమిషనర్‌కు పంపి రిజిస్టరు చేయించాలి. సొమ్ము మరీ తక్కువనిపిస్తే కమిషనర్ రిజిస్టరు చేయనని కూడా అనవచ్చు. పంపకపోతే పూర్తి పరిహారానికి యజమాని బాధ్యత అలాగే ఉంటుంది. అంతకుముందు చేతికిచ్చిన డబ్బులో సగానికి మించి, కమిషనర్ ఒప్పుకుంటే తప్ప, మినహాయించుకోవడానికీ వీల్లేదు. అంటే పెద్దమనుషుల ముందు ఇచ్చిన రెండున్నర లక్షల్లో లక్షా పాతిక వేలు లెక్కలోంచి ఎగిరిపోవచ్చు. మనిషి చనిపోయిన కేసుల్లో ఇది మరీ కఠినం. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన సొమ్మును పరిహారంగానే లెక్కించరు, కమిషనర్ దగ్గర జమ చేయాల్సిందే. ఊళ్లలో ఇప్పటికీ తెల్లకాగితాల మీద నడిచే రాజీలు ఎన్నో ఈ నిబంధనల ముందు నిలవవు. రాసేవాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు.

ఆస్పత్రి తర్వాత ఖర్చులు మొదలయ్యాయి. పడక పుండ్లు, యూరిన్ గొట్టాలు, ఫిజియోథెరపీ. రెండున్నర లక్షలు ఏడాది దాటలేదు. 2023 సెప్టెంబరులో మాస్టారికి నోటీసు వచ్చింది. దింపు అతని బావమరిది అమలాపురంలో ప్లీడరును పట్టుకున్నాడు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కమిషనర్ ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు ఇంకా ఉంది.

నోటీసులో అంకె చూసి అమ్మగారు కూలబడిపోయారు. రూ.16,57,530, దాని మీద వడ్డీ.

ఆ అంకె ఎవరో గాల్లోంచి పుట్టించింది కాదు. చట్టం చివర ఒక పట్టిక ఉంటుంది. వయసును బట్టి ఒక గుణకం. నలభై ఏళ్లవాడికి అది 184.17. శాశ్వత పూర్తి వైకల్యమైతే నెల కూలిలో 60 శాతాన్ని దానితో హెచ్చిస్తారు. చనిపోతే 50 శాతం. నెల కూలి ఎంతున్నా లెక్కకు రూ.15,000 మించి తీసుకోరు. 2020 జనవరికి ముందు ఆ పరిమితి రూ.8,000 ఉండేది. పదిహేను వేలలో 60 శాతం తొమ్మిది వేలు. దాన్ని 184.17తో హెచ్చిస్తే ఆ అంకె వస్తుంది. నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. కారణం లేకుండా ఆలస్యం చేశారనిపిస్తే అసలులో సగందాకా జరిమానా.

"పూర్తి వైకల్యం ఎలా అవుతుందండీ? చేతులు బాగానే ఉన్నాయిగా," అన్నారు మాస్టారు తన ప్లీడరు దగ్గర.

"చేతులతో చెట్టెక్కలేడు కదండీ," అన్నాడాయన. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒడిశా వడ్రంగి కేసులో చెప్పిన మాట అది. పనిచేస్తూ కింద పడి ఎడమచేయి మోచేతి పైదాకా పోగొట్టుకున్న మనిషి అతను. వైకల్యాల పట్టిక ప్రకారం చేయి పోతే ఇంత శాతమే కదా అని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కనుక అతనికది నూటికి నూరు శాతం నష్టమేనని కోర్టు అంది. పరిహారం బాకీపడేది కూడా ప్రమాదం జరిగిన రోజునుంచేనంది, తీర్పు వచ్చిన రోజునుంచి కాదు.

ఆ తర్వాత ప్లీడరు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"అతనే వచ్చాడా, మీరు పిలిచారా?"

"కబురు పెట్టాను."

"కూలి రోజుకా, చెట్టుకా?"

"చెట్టుకు యాభై."

"అది మనకు మంచిదే. ఊళ్లో అందరిళ్లకూ వెళ్తాడా?"

"వెళ్తాడు."

"అదీ మంచిదే. కత్తి?"

"అతనిదే."

"తాడు?"

మాస్టారు కాసేపు మాట్లాడలేదు.

"అంతకుముందు దింపప్పుడు అతని తాడు నలిగిపోయిందంటే మా ఇంట్లో నైలాను తాడు ఇచ్చాను. అదే తెచ్చుకుంటున్నాడు."

"ఏ చెట్టు ముందెక్కాలో ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

ప్లీడరు కలం పక్కన పెట్టాడు. ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే: అతను మాస్టారి మనిషా, తన సొంత మనిషా? తన పనిముట్లతో, తన వీలును బట్టి వచ్చి, పనికి ఇంత అని మాట్లాడుకుని, ఎలా చేయాలో తానే తేల్చుకునేవాడైతే స్వతంత్ర కాంట్రాక్టరు. చట్టం యజమానిని పట్టుకోదు. ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో, దేనితో చేయాలో మనం చెప్పేకొద్దీ అతను మన ఉద్యోగి అవుతూ వస్తాడు. మంచితనంగా ఇచ్చిన తాడు, దూడ మీద బెంగతో చూపించిన చెట్టు, రెండూ ఇప్పుడు మాస్టారికి ఎదురు సాక్ష్యాలు.

"రోజువారీ కూలీలకు ఈ చట్టం వర్తించదని మా బావగారన్నారు. ఆయన రెవెన్యూలో చేశారు," అన్నారు మాస్టారు.

"ఆయన సర్వీసులో ఉన్నప్పుడు వర్తించేది కాదండి."

అసలు చట్టంలో ఒక మినహాయింపు ఉండేది. తాత్కాలికంగా, యజమాని వ్యాపారానికి సంబంధం లేని పనికి పెట్టుకున్న మనిషి ఈ చట్టం కిందికి రాడు. ఇళ్లవాళ్లందరినీ కాపాడిన వాక్యం అది. పార్లమెంటు దాన్ని 2000 డిసెంబరు 8 నుంచి తీసేసింది. రెండు దశాబ్దాలు దాటినా పాత వాక్యాన్ని నమ్ముకుని ధీమాగా ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆ పని చట్టం రెండో షెడ్యూలులో ఉండాలి. తాటిజాతి చెట్లకు గీత గీయడం ఉంది, చెట్లు నరకడం ఉంది, ఉద్యాన పనులున్నాయి. పన్నెండు అడుగులు, అంతకుమించి ఎత్తున్న కట్టడాల మరమ్మతు ఉంది, ఇంట్లో కరెంటు ఫిట్టింగుల మరమ్మతు ఉంది. పెరటి కొబ్బరి దింపు వీటిలో దేని కిందికి వస్తుంది? వస్తుందని అవతలి ప్లీడరు వాదించాడు. మిగిలిన కాయలు కొట్టుకు అమ్మిన చీటీలు కూడా సంపాదించి పట్టుకొచ్చాడు. ఇది ఇంటి అవసరం కాదు, ఉద్యాన వ్యాపారమే అన్నాడు. రాదని మాస్టారి ప్లీడరు వాదించాడు. ఇద్దరి వాదనలోనూ బలముంది.

"ఓడిపోతే హైకోర్టుకు వెళ్దాం," అన్నాడు ఫోనులో కొడుకు.

"వెళ్లొచ్చు. ముందు తీర్పు సొమ్మంతా కమిషనర్ దగ్గర జమచేసిన రసీదు జతచేయాలి. అది లేకపోతే అప్పీలే తీసుకోరు," అన్నాడు ప్లీడరు.

మన రాష్ట్రాల్లో ఈ కమిషనర్ అంటే కార్మికశాఖ అధికారే. కోర్టు హాలూ నల్లకోట్ల గుంపూ ఉండవు. ఒక బల్ల, ఫైళ్లు, నాలుగు కుర్చీలు. మొదటి వాయిదాకు దింపు అతన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఎలా ఉన్నావయ్యా?"

"ఉన్నానండి మాస్టారూ. మీ మీద కోపం లేదండి నాకు. మావోడే ఎయ్యమన్నాడండి. పిల్ల ఇంటర్లో ఉందండి."

ఎవరి మీదా కోపం లేకుండానే కేసు నడుస్తుంది. బీమా ఉన్న చోట ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాల్సిన అవసరమే ఉండదు. కంపెనీ ప్లీడరు వాదించుకుంటాడు, కంపెనీ కడుతుంది. బీమా లేని చోట ఒక వృద్ధుడి మిగులు, ఒక పేదవాడి వెన్ను, రెండూ ఒకే బల్ల మీద తూకానికొస్తాయి.

ఆరేడు వాయిదాలయ్యాక ఇద్దరు ప్లీడర్లూ మాట్లాడుకున్నారు. అతను ఉద్యోగి అని తేలితే మాస్టారు మునిగిపోతారు. కాదని తేలితే అతనికి పైసా రాదు. ఎటు తేలుతుందో ఇద్దరికీ నమ్మకం లేదు. మొత్తం తొమ్మిది లక్షలు, ముందిచ్చిన రెండున్నర అందులో కలిపే అనుకున్నారు. ఈసారి స్టాంపు కాగితం కాదు. ఒప్పంద పత్రం కమిషనర్‌కు పెట్టారు. ఆయన ప్లీడరును పక్కకు ఉండమని అతన్నే విడిగా అడిగాడు, తనకు అర్థమయ్యే ఒప్పుకుంటున్నాడా అని. తర్వాతే రిజిస్టరు చేశాడు. మిగిలిన ఆరున్నర లక్షలు మాస్టారు డిమాండ్ డ్రాఫ్టుగా జమ చేశారు. అమ్మగారి గాజుల మీద బ్యాంకులో అప్పు తీసుకున్నారు. కొడుకు పంపుతానంటే వద్దన్నారు. ఆ సంగతి మీద ఇంట్లో ఇప్పటికీ వాదన ఉంది.

ఇదంతా 1923 చట్టం కింద నడిచింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చి ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. పరిహారం సంగతి ఇప్పుడు దాని ఏడో అధ్యాయంలో ఉంది. సెక్షన్ల నంబర్లు మారాయి. నలిగిన వెన్నుకు ఎవరు కట్టాలన్న ప్రశ్న అక్కడే ఉంది.

దింపు అతని వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి చెట్టెక్కడంలో శిక్షణ ఇస్తోంది, భద్రత ఉన్న యంత్రాలు పరిచయం చేసింది. ఎక్కేవాళ్ల కోసం కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా పెట్టింది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది, కార్మికుడు కట్టాల్సింది కొద్దిగానే. అది కాకపోయినా ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. బ్యాంకు ఖాతా ఉండి, పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల లోపువాళ్లకు ఏడాదికి రూ.20. ప్రమాదంలో పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రెండు లక్షలు. మన కథలో మనిషికి బ్యాంకు ఖాతా ఉంది. ఆ ఇరవై రూపాయల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మాస్టారూ చెప్పలేదు, ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు.

పక్కదారి అయినా ఒక హెచ్చరిక. ఇంటి పనులన్నిటిలో తర్జనభర్జనకు తావులేనిది సెప్టిక్ ట్యాంకు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న రూ.30 లక్షలకు పెంచింది. దానికి బీమా ఉందా అని వెతకొద్దు. యంత్రం బండిని పిలవండి.

మిగతా పనుల సంగతికొస్తే, చిక్కంతా రెండు సెక్షన్ల మధ్య సందులో ఉంది. ఇంటి పాలసీలో పనివాళ్ల పరిహారం సెక్షను అతను మీ ఉద్యోగి అయితేనే పలుకుతుంది. పబ్లిక్ లయబిలిటీ సెక్షను సాధారణంగా అతను మీ ఉద్యోగి కాకపోతేనే పలుకుతుంది. మాస్టారి కేసులో తేలనిది సరిగ్గా అదే. ఒక్కటే ఉంటే, ప్రమాదం రెండోవైపు పడ్డప్పుడు చేతులు ఖాళీ. రెండూ తీసుకోవాలి. నెలకో రెండు నెలలకో వచ్చే మనిషి ఇంటి పనివాళ్ల లెక్కలోకి వస్తాడా, పేర్లు ముందే రాయించాలా, ఎత్తు మీద చేసే పనులకు మినహాయింపులున్నాయా అన్నవి కూడా అడగాలి. లేదంటే పనిని కాంట్రాక్టరుకే అప్పగించి, అతని మనుషులకు అతనే తీసుకున్న పరిహార పాలసీ నకలు చూడాలి. మాస్టారు ఇప్పుడు చేస్తున్నది అదే. చెట్టుకు యాభై కాదు, ఎక్కువే పడుతోంది.

మీ ఇంటి పాలసీ ఏ బీరువాలో ఉందో వెతికి తీయండి. మళ్లీ దింపుకో, రంగులకో, నీళ్ల ట్యాంకు కడగడానికో కబురు పెట్టేముందు ఏజెంటుకు ఫోను చేసి ఆ రెండు సెక్షన్లూ ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటే నోటిమాటగా వద్దు, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.